పాత టర్బో కారుకు చిక్కటి ఆయిలే మందా?

సెకండ్ హ్యాండ్ కారు కొన్నవారికి మొదటి వారంలోనే ఉచితంగా దొరికేది సలహా. "లక్ష కిలోమీటర్లు దాటింది కదన్నా, ఇక పల్చటి ఆయిల్ వద్దు, 20డబ్ల్యూ-50 పోయించు" అంటారొకరు. "మన ఎండలకు చిక్కగా ఉంటేనే నిలుస్తుంది" అంటారు ఇంకొకరు. "కంపెనీ పార్టు ఎందుకు సార్, అదే సరుకు సగం ధరకు ఇప్పిస్తా" అని విడిభాగాల దుకాణంలో మూడో మాట. అంబాసిడర్, పద్మిని రోజుల్లో ఈ సలహాలకు కొంత అర్థం ఉండేది. అప్పటి ఇంజిన్లలో లోహపు భాగాల మధ్య ఖాళీలు ఎక్కువ, వేగాలు తక్కువ. కాస్త అటూ ఇటూ అయినా అవి సర్దుకుపోయేవి.

ఇప్పుడు పాత కార్ల బజారుకు వస్తున్న బళ్లు వేరు. పదేళ్ల కిందట జనం ఎగబడి కొన్న డీజిల్ కార్లలో దాదాపు అన్నిటికీ టర్బోచార్జర్ ఉంది. ఈ మధ్య వచ్చిన చిన్న పెట్రోలు కార్లలోనూ చాలావాటికి ఉంది. అవిప్పుడు రెండో యజమాని చేతికి, మూడో యజమాని చేతికి వెళ్తున్నాయి. వాటిని కొనేవారిలో ఎక్కువమంది కొత్త కారు స్తోమత లేక, కూడబెట్టిన డబ్బుతో కొనుక్కున్నవారే. టర్బో పోతే ఖర్చు పదివేలల్లో ఉంటుంది. ఆ దెబ్బ సంసారం మీద పడుతుంది.

అందుకే రెండు మాటలు గట్టిగా చెప్పాలి. మొదటిది, పాత టర్బో కారుకు ఆయిల్‌నూ విడిభాగాన్నీ చిక్కదనం చూసో, ధర చూసో, నమ్మకం మీదో కాదు, ఆ ఇంజిన్‌కు తయారీదారు రాసిన ప్రమాణం చూసి ఎంచుకోవాలి. రెండోది, ఆ ప్రమాణం రెండో యజమానికీ, వీధి చివరి మెకానిక్‌కూ అందుబాటులో ఉండటం హక్కు కావాలి, దయ కాకూడదు. మొదటి మాటకు భౌతికశాస్త్రం సాక్ష్యం చెబుతుంది. రెండో మాట మనం అడిగి తెచ్చుకోవాల్సింది.

వెంట్రుక కంటే పల్చటి పొర

టర్బోచార్జర్ పని చెప్పడానికి తేలిక. ఇంజిన్ నుంచి బయటికి పోయే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న మరో చక్రం బయటి గాలిని నొక్కి సిలిండర్లలోకి పంపుతుంది. గాలి ఎక్కువైతే ఇంధనం ఎక్కువ మండుతుంది, చిన్న ఇంజిన్ పెద్ద ఇంజిన్ పని చేస్తుంది. ఇంతవరకు అందరికీ తెలిసిందే. ఆ ఇరుసు ఎంత వేగంగా తిరుగుతుందో మాత్రం చాలామంది ఊహించరు.

చిన్న కార్ల టర్బో నిమిషానికి రెండు లక్షల చుట్ల దాకా తిరుగుతుంది. అంటే సెకనుకు 3,300 పైచిలుకు. ఇరుసు మందం ఆరు మిల్లీమీటర్లు అనుకుంటే, దాని ఉపరితలం సెకనుకు 60 మీటర్లకు పైగా పరుగెడుతుంది. గంటకు 220 కిలోమీటర్లు దాటిన వేగమది. గాలిని నొక్కే చక్రం వ్యాసం నాలుగు సెంటీమీటర్లయితే దాని అంచు వేగం సెకనుకు 400 మీటర్లు దాటుతుంది. మామూలు గాలిలో ధ్వని వేగం 340 మీటర్ల చుట్టూ ఉంటుందని గుర్తుచేసుకోండి.

ఇంత వేగంతో తిరిగే ఇరుసును చాలా కార్లలో బాల్ బేరింగులు మోయవు. ఆయిల్ పొరే మోస్తుంది. ఇరుసుకూ దాని చుట్టూ ఉన్న లోహపు కడియానికీ మధ్య ఖాళీ మైక్రాన్లలో ఉంటుంది, అంటే మన తల వెంట్రుక మందం కంటే తక్కువ. ఆ సందులో ఆయిల్ ఉన్నంతసేపూ లోహం లోహాన్ని తాకదు. పొర తెగిందా, క్షణాల్లో గీతలు పడతాయి. ఇరుసు ఊగుతుంది, చక్రం అంచు పెంకును ఒరుసుకుంటుంది. ఆ తర్వాత వినిపించేది ఈల మోత, కనిపించేది నీలిపొగ.

ఇంకో సంగతి. అదే ఇరుసుకు ఒక కొసన పొగ తగిలే చక్రం ఉంది. డీజిల్ కార్లలో ఆ పొగ వేడి 700 డిగ్రీల సెల్సియస్ దాటగలదు, పెట్రోలు కార్లలో 900 దాటగలదు. కాబట్టి ఆయిల్‌కు ఇక్కడ రెండు పనులు: పొరగా నిలబడాలి, వేడిని మోసుకుపోవాలి. మొదటి పనికి చిక్కదనం కావాలి. రెండో పనికి ప్రవాహం కావాలి. చిక్కదనం పెంచుకుంటూ పోతే ప్రవాహం తగ్గుతుంది. చిక్కటిదే మంచిదనే సలహా ఈ రెండో సగాన్ని మరిచిపోతుంది.

డబ్బా మీది అంకెలు ఏం చెబుతాయి?

5డబ్ల్యూ-40 అని రాసి ఉంటే చాలామంది 5ను, 40ను ఉష్ణోగ్రతలు అనుకుంటారు. కావు. అవి అమెరికాలోని ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం నిర్ణయించిన తరగతులు. డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. డబ్ల్యూ ముందున్న అంకె గడ్డకట్టే చలిలో ఆయిల్ ఎంత కదులుతుందో చెబుతుంది. 5డబ్ల్యూ తరగతి ఆయిల్‌ను సున్నాకు 30 డిగ్రీల దిగువన పరీక్షిస్తారు, 15డబ్ల్యూ ఆయిల్‌ను సున్నాకు 20 డిగ్రీల దిగువన. లడఖ్‌లోని ద్రాస్‌లో తెల్లవారుజామున బండి తీసేవారికి ఈ తేడా ప్రాణాధారం. లంబసింగి చలికి మాత్రం ఇంత అవసరం రాదు.

రెండో అంకె వేడెక్కిన ఇంజిన్ సంగతి. వంద డిగ్రీల దగ్గర ఆయిల్ స్నిగ్ధత, అంటే పారడానికి అది చూపే నిరోధం, 12.5 నుంచి 16.3 సెంటీస్టోకుల మధ్య ఉంటే 40 తరగతి. 9.3 నుంచి 12.5 మధ్య ఉంటే 30 తరగతి. నీటికి మామూలు గది ఉష్ణోగ్రతలో ఇది ఒకటి.

టర్బో దృష్టిలో ఇంతకంటే ముఖ్యమైన కొలత మరొకటి ఉంది. ఆయిల్‌ను 150 డిగ్రీలకు వేడిచేసి, సన్నటి సందులో విపరీతమైన వేగంతో కోతకు గురిచేసి, అప్పుడు స్నిగ్ధత ఎంత మిగిలిందో చూస్తారు. దీన్నే హెచ్‌టీహెచ్‌ఎస్ స్నిగ్ధత అంటారు. ఈ పరీక్షలో కోత రేటు సెకనుకు పది లక్షలు. పైన వేసిన లెక్కనే కొనసాగిస్తే, సెకనుకు 60 మీటర్ల వేగాన్ని 20 మైక్రాన్ల సందుతో భాగించండి. ముప్పై లక్షలు వస్తుంది. చాలా టర్బోల్లో కడియం కూడా కొంత తిరుగుతుంది కాబట్టి అసలు విలువ కొంత తగ్గుతుంది. అయినా అదే స్థాయి. అంటే టర్బో బేరింగు రోజూ బతికే పరిస్థితిని దగ్గరగా పోల్చి చెప్పే కొలత ఇదే. 30 తరగతి ఆయిల్‌కు ఇది కనీసం 2.9 ఉండాలి, 5డబ్ల్యూ-40కి కనీసం 3.5. డబ్బా ముందువైపున ఈ అంకె కనిపించదు. వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉండే ప్రమాణాల్లో దాగి ఉంటుంది. ఉదాహరణకు యూరప్ కార్ల తయారీదారుల సంఘం ఇచ్చే ఏసీఈఏ సీ3 అనే గుర్తు ఉంటే హెచ్‌టీహెచ్‌ఎస్ కనీసం 3.5 అని అర్థం. సీ2 అయితే కనీసం 2.9.

ఎండల వాదన, వయసు వాదన

"మన ఎండలకు చిక్కటి ఆయిలే" అనే మాటను తీసిపారేయనక్కర్లేదు, లెక్క చూద్దాం. రెంటచింతలలో మేలో 45 డిగ్రీలు, డిసెంబరు తెల్లవారుజామున 15 డిగ్రీలు అనుకోండి. బయట తేడా 30 డిగ్రీలు. కానీ ఇంజిన్‌లో తిరిగే నీటిని థర్మోస్టాట్ ఏడాది పొడవునా 90 డిగ్రీల అటూ ఇటూగా ఉంచుతుంది. బయటి వేడిలో చాలా భాగాన్ని రేడియేటర్, ఫ్యాను సర్దుకుంటాయి. ఎండలో నిండా జనంతో ఘాట్ రోడ్డు ఎక్కుతున్నప్పుడు ఆయిల్ వేడి పెరిగే మాట నిజం. ఆ సందర్భాన్ని కూడా లెక్కలోకి తీసుకునే తయారీదారు ఏ ఉష్ణోగ్రతల్లో ఏ గ్రేడు వాడవచ్చో పట్టికగా ఇస్తాడు. మన దేశంలో అమ్మిన కారు మాన్యువల్ మన దేశపు ఎండలకు రాసిందే.

మరోవైపు, చిక్కటి ఆయిల్ నష్టం తెల్లవారి మొదటి నిమిషంలో ఉంటుంది. వంద డిగ్రీల దగ్గర కొద్దిపాటి తేడా ఉన్న ఆయిళ్లు 40 డిగ్రీల దగ్గర బాగా దూరమవుతాయి. సాధారణంగా 5డబ్ల్యూ-40 అక్కడ 80, 90 సెంటీస్టోకుల దగ్గర ఉంటే, 20డబ్ల్యూ-50 నూటయాభై దాటుతుంది. ఆయిల్ పంపు దాన్ని తోయబోతే పీడనం పెరిగి రక్షణ వాల్వు తెరుచుకుంటుంది, కొంత ఆయిల్ మళ్లీ అడుగున ఉన్న తొట్టిలోకే పోతుంది. ఆ సమయంలో మీటరులో పీడనం బాగానే కనిపిస్తుంది, టర్బోకు చేరే ఆయిల్ మాత్రం ఆలస్యమవుతుంది. పీడనం వేరు, ప్రవాహం వేరు. తొమ్మిదో తరగతిలో చదువుకున్న ఈ తేడాను షెడ్డులోనూ గుర్తుపెట్టుకోవాలి.

ఇక వయసు వాదన. అరిగిన ఇంజిన్ ఆయిల్ తాగుతుంటే కొంచెం చిక్కటి గ్రేడు వల్ల ఆ వాడకం తగ్గే అవకాశం ఉంది. ఇది అనుభవంలోంచి వచ్చిన మాట, మెకానిక్‌లను తప్పుపట్టలేం. అయితే దీనికి హద్దు ఉంది. మాన్యువల్ 5డబ్ల్యూ-30నూ 5డబ్ల్యూ-40నూ రెంటినీ అనుమతిస్తే, లక్ష కిలోమీటర్లు దాటిన బండికి 40 వైపు మొగ్గడం తెలివైన పని. మాన్యువల్‌లో ఎక్కడా లేని 20డబ్ల్యూ-50కి దూకడం వైద్యం కాదు. అది లక్షణాన్ని కప్పిపెట్టడం. ఆయిల్ ఎక్కడికి పోతోందో ముందు వెతకాలి.

చిక్కదనంతో కథ ముగియదు

ఒకే గ్రేడు రాసి ఉన్న రెండు డబ్బాల్లో ఉన్నది ఒకే సరుకు కాకపోవచ్చు. ఆయిల్‌లో కలిపే రసాయనాలే అసలు తేడా. దీనికి మూడు ఉదాహరణలు.

ఒకటి, బీఎస్-6 డీజిల్ కార్లు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన ఈ కార్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. పట్టిన మసిని అది అప్పుడప్పుడూ కాల్చేసుకుంటుంది. అయితే ఆయిల్‌లోని లోహ రసాయనాలు మండితే మిగిలే బూడిద కాలదు. అది ఫిల్టర్‌లోనే పేరుకుపోతుంది. అందుకే సీ2, సీ3 వంటి ప్రమాణాలు ఆయిల్‌లో బూడిదను 0.8 శాతానికి మించనివ్వవు. లారీలకు వాడే పాత తరగతి 15డబ్ల్యూ-40 మంచి ఆయిలే, కానీ ఆ లారీలకు మంచిది. ఈ కార్లలో పోస్తే బండి ఆ రోజు మామూలుగానే నడుస్తుంది. ఫిల్టర్ ఆయుష్షు మాత్రం తగ్గుతూ పోతుంది. బిల్లు వచ్చే రోజుకు ఏ ఆయిల్ పోశారో ఎవరికీ గుర్తుండదు.

రెండు, ఇంధనాన్ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే టర్బో పెట్రోలు ఇంజిన్లు. తక్కువ వేగంలో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు, స్పార్క్ రాకముందే మిశ్రమం అంటుకునే ప్రమాదం వీటిలో ఉంది. పిస్టన్ అంచున చేరిన ఆయిల్, పెట్రోలు తుంపరలు దీనికి ఒక కారణం. ఆయిల్‌ను శుభ్రంగా ఉంచేందుకు కలిపే కాల్షియం సమ్మేళనాలు ఎక్కువైతే ఈ ధోరణి పెరుగుతుందని తేలింది. అందుకే 2018లో ఏపీఐ ఎస్‌ఎన్ ప్లస్, 2020లో ఏపీఐ ఎస్‌పీ ప్రమాణాలు ఈ పరీక్షతో వచ్చాయి. అటువంటి కారులో పాత ఎస్‌ఎల్ తరగతి ఆయిల్ చవకగా దొరికిందని పోస్తే, పిస్టన్‌ను పణంగా పెట్టినట్టే.

మూడు, ఫోర్డ్ ఎకోస్పోర్ట్‌లో 2013 నుంచి కొంతకాలం వచ్చిన ఒక లీటరు ఎకోబూస్ట్ ఇంజిన్. ఇందులో టైమింగ్ బెల్టు ఆయిల్‌లో తడుస్తూనే తిరుగుతుంది. ఆ రబ్బరుకు సరిపడే ఆయిల్‌ను ఫోర్డ్ ప్రత్యేక ప్రమాణంతో నిర్దేశించింది, గ్రేడు 5డబ్ల్యూ-20. "ఇంత పల్చగానా!" అని దాన్ని మార్చేసేవారికి బెల్టు సంగతి తెలియకపోవచ్చు. సరిపడని ఆయిల్‌లో నానిన బెల్టు పొట్టు రాలితే, ఆ పొట్టు ఆయిల్ పీల్చే జల్లెడకు అడ్డుపడుతుంది. అప్పుడు ముందుగా ఎండిపోయేవాటిలో టర్బో ఒకటి. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ మన మార్కెట్ కోసం కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఆ బళ్లు మాత్రం రోడ్ల మీదే ఉన్నాయి, చేతులు మారుతున్నాయి. ఇలాంటి బండిని ఇవాళ కొన్నవారికి ఈ ఒక్క వాక్యం ఎవరు చెప్పాలి?

ఒకే ఇంజిన్, రెండు టర్బోలు

విడిభాగాల దగ్గరికి వస్తే, మన దేశానికి బాగా పరిచయమైన ఉదాహరణ ఫియట్ రూపొందించిన 1.3 లీటరు డీజిల్ ఇంజిన్. మారుతి స్విఫ్ట్, డిజైర్, ఎర్టిగా, టాటా విస్టా, మాంజా, ఫియట్ పుంటో, లీనియా... ఇన్ని పేర్ల కింద అదే 1,248 సీసీ ఇంజిన్ నడిచింది. 2020లో మారుతి డీజిల్ కార్లకు స్వస్తి చెప్పాక కూడా సెకండ్ హ్యాండ్ బజారులో దానికి గిరాకీ తగ్గలేదు.

అయితే ఆ ఇంజిన్ రెండు రకాలుగా వచ్చింది. స్విఫ్ట్‌లో సుమారు 75 హార్స్‌పవర్, ఎర్టిగాలో 90. తేడాలో ముఖ్యమైన భాగం టర్బోదే. మొదటిదానిలో పొగ దారి స్థిరంగా ఉంటుంది. రెండోదానిలో చిన్న రెక్కలు తెరుచుకుంటూ మూసుకుంటూ దారిని మారుస్తాయి. "1.3 డీజిల్ టర్బో ఒకటివ్వండి" అని దుకాణంలో అడిగితే సరిపోదు. ఇంజిన్ కోడు, చాసిస్ నంబరు, పాత టర్బో మీద చెక్కిన పార్టు నంబరు, ఈ మూడూ చూపించి అడగాలి. బోల్టులు సరిపోయినంత మాత్రాన భాగం సరిపోయినట్టు కాదు.

అసలు టర్బో మార్చాలా అన్నది ఇంకా ముందు వేయాల్సిన ప్రశ్న. చాలాసార్లు టర్బో దోషి కాదు, బాధితురాలు. ఇంజిన్ అడుగున పుట్టే ఆవిరి బయటికి పోయే గొట్టం మూసుకుపోతే లోపల పీడనం పెరుగుతుంది. టర్బో నుంచి ఆయిల్ కిందికి జారాల్సిన గొట్టంలో ప్రవాహం నిలుస్తుంది, సీళ్ల గుండా ఆయిల్ బయటికి తోసుకొస్తుంది. చూసినవారు టర్బో పోయిందంటారు. ఇంటర్‌కూలర్ గొట్టం ఎక్కడో చీలితే, కోల్పోయిన గాలిని భర్తీ చేయబోయి టర్బో పరిమితి దాటి తిరుగుతుంది. ఆయిల్ తెచ్చే సన్నటి గొట్టం మసిబారి సగం మూసుకుపోయి ఉంటే, కొత్త టర్బో కూడా పాతదాని దారే పడుతుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, కారణాన్ని వదిలేసి ఖరీదైన భాగాన్ని మారుస్తున్నాం.

అందుకే టర్బో మార్చే పనిలో ఆయిల్ గొట్టం, దాని రాగి వాషర్లు, గ్యాస్కెట్లు, ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, గాలి ఫిల్టర్ కలిసే ఉండాలి. పాత చక్రం ముక్కలు ఇంటర్‌కూలర్‌లో మిగిలాయేమో చూడాలి. ఆయిల్ వచ్చే చోట గ్యాస్కెట్ బదులు సీలెంట్ పూస్తానంటే ఒప్పుకోవద్దు. దాని తునక ఒక్కటి చాలు, సన్నటి దారికి అడ్డుపడటానికి. కొత్త టర్బోలోకి ముందుగా శుభ్రమైన ఆయిల్ పోసి, ఆ తర్వాతే ఇంజిన్ తిప్పాలి.

ఫిల్టర్ల మీద పొదుపు చేసేవారు ఒక విషయం గమనించాలి. రెండు ఆయిల్ ఫిల్టర్లు బయటికి అచ్చం ఒకేలా ఉండి, మర ఒకేలా బిగుసుకోవచ్చు. లోపల రెండు వాల్వులు ఉంటాయి. ఫిల్టర్ మూసుకుపోతే ఆయిల్‌ను పక్కదారిన పంపేది ఒకటి. ఇంజిన్ ఆపాక ఆయిల్ వెనక్కి జారిపోకుండా పట్టి ఉంచేది రెండోది. మొదటిది తక్కువ పీడనానికే తెరుచుకుంటే వడపోత లేని ఆయిల్ టర్బోకు చేరుతుంది. రెండోది కారుతుంటే పొద్దున్నే మొదటి కొన్ని సెకన్లు టర్బో పొడిగా తిరుగుతుంది. కొద్ది రూపాయల తేడా అక్కడ ఉంది.

అలాగని కంపెనీ పెట్టెలోదే కొనాలని కాదు. కార్ల కంపెనీలు చాలా భాగాలను తామే చేయవు, బాష్, మాలే వంటి తయారీదారుల నుంచి తీసుకుంటాయి. అదే తయారీదారు తన సొంత పెట్టెలో అమ్మే భాగం తరచూ తక్కువ ధరకు దొరుకుతుంది. నంబరు సరిచూసుకుని కొంటే అది మంచి బేరం. టర్బోను బాగుచేయించుకోవడం కూడా తప్పు కాదు, తిరిగే భాగాలను యంత్రం మీద బ్యాలెన్స్ చేసి ఆ ఫలితం కాగితం మీద ఇచ్చేచోట అయితే. నిమిషానికి రెండు లక్షల చుట్లు తిరిగేదాన్ని చేత్తో తిప్పి చూసి "బాగుంది" అనడం కుదరదు. ఢిల్లీ కశ్మీరీ గేట్ అయినా, చెన్నై పుదుపేట అయినా, మన ఆటోనగర్ అయినా ఈ ప్రశ్న ఒకటే: నంబరు ఏది, కాగితం ఏది?

సమాచారం ఎవరి సొత్తు?

ఇంతవరకు చదివినవారికి ఒక సందేహం రావాలి. ఇన్ని కోడులు, నంబర్లు మామూలు మనిషికి ఎక్కడ దొరుకుతాయి? సెకండ్ హ్యాండ్ కారుతో చాలాసార్లు మాన్యువల్ రాదు. వచ్చినా ఇంగ్లిషులో ఉంటుంది. ఆయిల్ డబ్బా మీద "ఆమోదం పొందింది" అనే మాటకూ "అవసరాలకు తగినది" అనే మాటకూ మధ్య తేడా ఎవరూ చెప్పరు. మొదటిది కారు తయారీదారు పరీక్షించి ఇచ్చిన అనుమతి. రెండోది ఆయిల్ కంపెనీ తన గురించి తాను చెప్పుకున్న మాట. సరైన పార్టు నంబరు చూపే కేటలాగు డీలరు కంప్యూటర్‌లో ఉంటుంది. వీధి మెకానిక్ అనుభవంతో ఊహిస్తాడు. ఊహ తప్పితే నింద అతనిది, ఖర్చు యజమానిది.

ఈ తలుపు తెరవమని మన దేశంలో ఇప్పటికే ఒకసారి చెప్పారు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా, విడిభాగాలనూ లోపాలు కనిపెట్టే పరికరాలనూ బయటి మార్కెట్‌కు అందనివ్వడం లేదంటూ 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544.65 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఆ తర్వాత అది అప్పీళ్ల దారి పట్టింది. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, మరమ్మతు హక్కు పోర్టల్ ప్రారంభమైంది. అందులో ఉన్న నాలుగు రంగాల్లో వాహనాలు ఒకటి. మంచి అడుగే. కానీ పోర్టల్‌లో పేరు నమోదవడం వేరు, చట్టం ఒత్తిడి చేయడం వేరు. యూరప్‌లో 2007 నాటి నిబంధనే మరమ్మతు సమాచారాన్ని స్వతంత్ర మెకానిక్‌లకు కూడా ఇవ్వాలని తయారీదారులను ఆదేశించింది. అమెరికాలోని మసాచుసెట్స్ ప్రజలు 2012లో ఓటు వేసి ఇలాంటి చట్టం తెచ్చుకున్నారు.

సమాచారం బయటపెడితే నకిలీలు పెరుగుతాయని, భద్రతకు ముప్పని కంపెనీలు అంటాయి. నకిలీ చేసేవాడికి పార్టు నంబరు ఎప్పుడూ తెలుసు. తెలియనిది కొనేవాడికే. తాళం తీసే కోడులు, దొంగతనాన్ని ఆపే సాఫ్ట్‌వేర్ దాచుకోనివ్వండి, అభ్యంతరం లేదు. ఏ ఇంజిన్‌కు ఏ ఆయిల్, ఎంత, ఏ ప్రమాణం, ఏ ఫిల్టర్ నంబరు అన్నదాంట్లో దాచాల్సిన రహస్యం ఏముంది?

కాబట్టి అడగాల్సినవి మూడు. చాసిస్ నంబరు కొడితే ఆయిల్ ప్రమాణం, పరిమాణం, ముఖ్యమైన పార్టు నంబర్లు ఉచితంగా చూపే సదుపాయాన్ని ప్రతి తయారీదారూ తెలుగుతో సహా భారతీయ భాషల్లో ఇవ్వాలి, కార్ల అమ్మకం ఆపేసినా ఆ బళ్లు తిరిగినంతకాలం నడపాలి. ఇంజిన్ మూత దగ్గర చెరగని రేకు మీద ఆయిల్ గ్రేడుతో పాటు ప్రమాణం కూడా చెక్కాలి. ఏ షెడ్డులో పనిచేయించినా బిల్లు మీద "ఆయిల్ చేంజ్" అని కాకుండా ఏ ఆయిల్, ఏ ప్రమాణం, ఏ ఫిల్టర్ నంబరు అని రాయడం తప్పనిసరి కావాలి. మూడోదానికి చట్టం కోసం ఆగనక్కర్లేదు. మనం అడిగితే చాలు. మంచి మెకానిక్‌కు అది అవమానం కాదు, అతని పనికి రుజువు.

చట్టం వచ్చేలోగా సెకండ్ హ్యాండ్ టర్బో కారు కొన్నవారు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. పాత యజమాని మాట ఎంత నమ్మకమైనదైనా ఆయిల్, ఫిల్టర్లు వెంటనే మార్పించండి. రెండోసారి మాన్యువల్ చెప్పినదాని కంటే ముందే మార్పించండి, లోపలి మురికి చాలావరకు ఆ రెండు విడతల్లో పోతుంది. చరిత్ర తెలియని ఇంజిన్‌లో గట్టి ఫ్లష్ ద్రవాలు పోయకండి, ఒక్కసారిగా ఊడిన మడ్డి సన్నటి దారులకు అడ్డం పడుతుంది. హైవే మీద గట్టిగా నడిపి ఆపేటప్పుడు ఒక నిమిషం ఇంజిన్‌ను ఊరికే తిరగనివ్వండి. లేకుంటే వేడెక్కిన టర్బోలో నిలిచిపోయిన ఆయిల్ మాడి బొగ్గవుతుంది. డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గడమే కాదు, పెరిగినా అనుమానించండి. డీజిల్ కారులో ఇంధనం ఆయిల్‌లో కలుస్తోందని దానర్థం కావచ్చు. డబ్బా సీలు మీ ఎదుట తీయించండి, ఖాళీ డబ్బాను చిల్లు పెట్టించకుండా వదలకండి. అది మళ్లీ నిండి ఇంకొకరి ఇంజిన్‌కు చేరకుండా ఉంటుంది. నకిలీ అంటగట్టారని ఆధారం ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.

చిక్కటి ఆయిల్ సలహా ఇచ్చినవారెవరూ మన చెడు కోరి చెప్పలేదు. తమకు అందిన జ్ఞానాన్ని పంచుకున్నారు. కొత్త ఇంజిన్ల జ్ఞానం వారి దాకా రాలేదు, రానివ్వలేదు. ఈసారి ఎవరైనా "మీ బండికి ఏ ఆయిల్?" అని అడిగితే గ్రేడుతో ఆగకుండా ప్రమాణం కూడా చెప్పండి. తెలియకపోతే, తెలియజేయాల్సినవారిని అడగండి. కారు ఎన్ని చేతులు మారినా, దాని గురించి తెలుసుకునే హక్కు ప్రస్తుత యజమానికి ఉండాలి.